దెగ్లూరు వాడలు, సీమలు: స్థలనామ పరిశీలన పద్ధతిపై ఒక విమర్శ

స్థలనామములను గూర్చిన పరిశోధన తెలుగునాట చాలకాలముగా సాగుచున్నది. శాసనములలోని ఊళ్ల పేర్లను, కైఫీయతులలోని పేర్లను, రెవెన్యూ లెక్కలలోని పేర్లను ఏరి, వాని పూర్వోత్తర పదములను విడదీసి, భాషాచరిత్రకు సాక్ష్యములుగా నిలుపుట పండితులకు పరిచితమైన పద్ధతి. కేతు విశ్వనాథరెడ్డిగారు కడప జిల్లా ఊర్ల పేర్లను పరిశీలించి 1976లో వెలువరించిన గ్రంథము ఈ కృషికి చక్కని నిదర్శనము. అయినను ఈ పద్ధతిలో సాధారణముగా ఒక లోటు మిగిలియున్నది. పేరు ఏ మూలమునుండి పుట్టినదో విచారించినంత శ్రద్ధతో, ఆ పేరును ఎవరు, ఎచ్చట నిలిచి, ఎవరితో పలుకుచున్నారో విచారించుట అరుదు. ఒకే భాష ప్రబలముగానున్న మండలములో ఈ లోటు అంతగా బయటపడదు. భాషలు కలిసెడి పొలిమేరలలో మాత్రము అది దాగదు. మహారాష్ట్రమున నాందేడు జిల్లాలోని దెగ్లూరు అట్టి పొలిమేర పట్టణము. ఆ పట్టణము చుట్టును అల్లుకొన్న పేర్లను పరిశీలించినచో, వాడ యన్నను సీమ యన్నను నేలమీద గీయబడిన గీత కాదనియు, పలుకువాని నిలువునుబట్టి మారునట్టి సంబంధమనియు తేలును.

దెగ్లూరు ప్రాంతము మంజీరకు ఉపనదియైన లెండి పరీవాహములోనిది. దానికి ఒకవంక తెలంగాణములోని కామారెడ్డి జిల్లా, వేరొకవంక కర్ణాటకములోని బీదరు జిల్లా కలవు. సంగారెడ్డి, మద్నూరుల మీదుగా నాందేడునకును, అటుపై అకోలాకును పోవు జాతీయ రహదారి ఈ పట్టణము మీదుగనే సాగును. పాలనాభాష మరాఠీ. ఇండ్లలోను అంగళ్లలోను మరాఠీతోపాటు తెలుగు, ఉర్దూ, కన్నడములు వినవచ్చును. 1948 వరకు ఈ తాలూకా నిజాము ఏలుబడిలోనిది. అటుపిమ్మట హైదరాబాదు రాష్ట్రమునను, 1956 నవంబరు 1నుండి ద్విభాషా బొంబాయి రాష్ట్రమునను, 1960 మే 1నుండి మహారాష్ట్రమునను భాగమైనది. ఎల్లకు ఆవలనున్న నేల అదే కాలములో హైదరాబాదు రాష్ట్రమునుండి ఆంధ్రప్రదేశమునకును, 2014 జూన్ 2న తెలంగాణమునకును మారినది. ఒక మనుష్యుని జీవితకాలములో, అతడు నడచిన బాట మారకయే, బాటకు ఇరువైపుల సీమల పేర్లు ఇన్నిసార్లు మారినవి.

ఊళ్ల పేర్లు

దెగ్లూరు తాలూకాలోని కొన్ని పేర్లను వరుసగా చదివినచో చరిత్ర పొరలు పొరలుగా కానవచ్చును. దెగ్లూరు, తమ్లూరు అను పేర్ల తుదినున్న 'ఊరు' తెలుగువారికి చిరపరిచితము. కరడ్‌ఖేడ్‌లోని 'ఖేడ్' సంస్కృత 'ఖేట' శబ్దమునుండి వచ్చినది. హాణేగావ్‌లోని 'గావ్' గ్రామశబ్దభవము. ఖానాపూర్, శహాపూర్ అను పేర్లలో పారసీక బిరుదములు సంస్కృతపు 'పుర'ముతో జతగూడినవి. చాళుక్యుల నాటి సిద్ధేశ్వరాలయముగల హొట్టల్ గ్రామమును ఈ తాలూకాలోనిదే.

ఇట్టి పేర్లను చూచినంతనే, "ఊరు అని ముగియుచున్నది గనుక ఈ నేల మనది" అని పలుకుట పొలిమేర వివాదములు రేగిన దినములలో పరిపాటి. ఇది ఒక్క తెలుగువారి దౌర్బల్యము కాదు. కన్నడ పండితులగు శం. బా. జోషిగారు మహారాష్ట్రములోని స్థలనామములను ఆధారముగా గైకొని, అచ్చట పూర్వము కన్నడము విస్తరించి యుండెనని వాదించిరి. భాషాచరిత్ర దృష్ట్యా అట్టి విచారణ విలువైనదే. కాని దానినుండి నేటి నివాసుల విషయమై నిర్ణయములు చేయుట తగదు. ఇందుకు రెండు కారణములు కలవు. మొదటిది: 'ఊరు' అను పదము తెలుగునకు, కన్నడమునకు, తమిళమునకు ఉమ్మడి సొత్తు. దానినిబట్టి పేరు పెట్టినవారు ద్రావిడభాష పలికినవారని ఊహింపవచ్చునేగాని, అందు ఏ భాషవారో చెప్పుట కష్టము. రెండవది: పేరు పెట్టినవారి భాష వేరు, పేరును నేడు వాడుకొనువారి భాష వేరు కావచ్చును. మరాఠీ మాత్రమే ఎరిగిన రైతునకును 'దేగ్లూర్' అను మాట తన ఊరి పేరే. అది పరభాషాపదమని అతనికి తోచదు, తోచవలసిన పనియు లేదు. పేరు పుట్టుక ఒక ప్రశ్న; పేరు ఎవరి సొత్తు అనునది వేరొక ప్రశ్న. ఈ రెంటిని కలిపివేయుటయే స్థలనామ పరిశీలనలో తరచుగా దొరలు పొరపాటు.

వాడల పేర్లు

ఊరినుండి ఊరిలోని భాగములకు వచ్చినచో చిక్కు మరింత సూక్ష్మమగును. ఇచ్చట మాటలు రెండు భాషలకును ఉమ్మడివి; అర్థములు మాత్రము కొంత కొంత జరిగియుండును.

'వాడ' అను మాటను తీసికొందము. తెలుగులో వాడ యనగా ఊరిలోని ఒక భాగము. తెలంగాణమున 'వాడకట్టు' అను మాట నేటికిని వ్యవహారములో నున్నది. మరాఠీలో 'వాడా' యనగా ప్రధానముగా పెద్ద లోగిలి, భవనము. పుణే నగరమున 1732లో పూర్తియైన పేష్వాల శనివారవాడా ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. అయితే మరాఠీలోనే గవళీవాడా వంటి పేర్లలో ఆ మాట తెలుగులోవలె ఒక వృత్తివారి నివాసభాగమును తెలుపును. ఇక 'మరాఠవాడా' అను పేరులో అదియే ఒక సీమకంతకును చెల్లినది. ఇల్లు, వీధి, సీమ అను మూడు కొలతలకును ఒకే మాట పనిచేయుచున్నది. రెండు భాషల నడుమ మెలగువారికి 'ఫలానివారి వాడ' అన్నప్పుడు ఒక కుటుంబపు లోగిలియు, ఒక కులమువారి నివాసభాగమును రెండును స్ఫురింపవచ్చును. పేరును మాత్రము వ్రాసికొని పోయిన పరిశోధకునకు ఈ భేదము చిక్కదు.

'పేట' సంగతియు ఇట్టిదే. పుణేలో శుక్రవారపేఠ్, బుధవారపేఠ్ అనునవి నగరములోని భాగములు. తెలుగుదేశమున సిద్ధిపేట, సూర్యాపేట వంటివి పూర్తి పట్టణములు. 'శివారు' అను మాట మరొక నిదర్శనము. తెలుగువారికి శివారనగా ఊరి వెలుపలి అంచు. పెద్దయూరికి చేరిన చిన్న పల్లె యనియు అర్థము కలదు. మరాఠీలో 'శివార్' అనగా గ్రామమునకు చెందిన పంటపొలముల ఆవరణము. మహారాష్ట్ర ప్రభుత్వము నీటి సంరక్షణకై 2014 తరువాత చేపట్టిన పథకమునకు 'జలయుక్త శివార్' అని పేరుపెట్టుటలో ఈ యర్థమే కలదు. ఒకరికి అంచుగా నున్నది మరొకరికి నడిపొలము. ఇండ్లు కట్టుకొను ఊరి నేలను మరాఠీ లెక్కలు 'గావ్‌ఠాణ్' అనగా తెలంగాణపు లెక్కలు 'గ్రామకంఠము' అనును. ఇచ్చట మాటలు వేరు, భావము మాత్రము దాదాపు ఒక్కటే.

'నాకా' అను మాట మరింత ఉపదేశము చేయును. నాకా యనగా దారిమీద సుంకము తీయు తావు. సుంకము ఆగిపోయిన చోటను పేరు ఆగలేదు. నాందేడు నగరములో 'దేగ్లూర్ నాకా' అను ప్రసిద్ధమైన ప్రాంతమొకటి కలదు. దెగ్లూరు బాట నగరములో ప్రవేశించు చోట పుట్టిన పేరు క్రమముగా ఒక పెద్ద వాడకు పేరైనది. ఉద్గీరునుండి దెగ్లూరునకు వచ్చు బాట ఉద్గీరువారికి దేగ్లూర్ రోడ్డు. అదియే దెగ్లూరువారికి ఉద్గీర్ రోడ్డు. దారి యొక్కటే, పేర్లు రెండు, రెండును సత్యములే. పేరు గమ్యమును చెప్పునేగాని తాను ఉన్న తావును చెప్పదు. దెగ్లూరు అను పేరు ఒక వాడ పేరుగా దెగ్లూరులో గాక నాందేడులో నిలిచియుండుట ఈ విషయమును స్పష్టముగా చూపుచున్నది.

మనుష్యుల పేర్లకును ఈ న్యాయమే వర్తించును. వారకరీ సంప్రదాయమున ప్రఖ్యాతులైన కీర్తనకారులు ధుండా మహారాజ్ దేగ్లూర్‌కర్, దేవాలయశిల్పమును పరిశోధించిన పురాతత్త్వవేత్త జి. బి. దేగ్లూర్‌కర్ అను పేర్లలో ఊరి పేరు వంశనామమైనది. ఊరిలో నున్నంతవరకు ఆ గుర్తునకు ప్రయోజనము స్వల్పము. అందరును ఆ యూరివారే గదా! ఊరు దాటినప్పుడే 'కర్' ప్రత్యయమునకు పని కలుగును.

పటము గీయించిన పద్ధతి

నివాసులనే అడిగి నగరస్వరూపమును తెలిసికొను పద్ధతికి పాశ్చాత్యదేశములలో ప్రసిద్ధి తెచ్చినది అమెరికా పండితుడు కెవిన్ లించ్. 1960లో ప్రకటించిన నగరప్రతిమా గ్రంథములో ఆయన బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజిలిస్ నగరవాసులచే తమ నగరపటములను గీయించి, దారులు, అంచులు, ప్రాంతములు, కూడళ్లు, గుర్తులు అను ఐదంగములను నిరూపించెను. అధికారుల పటమును విడిచి నివాసుల మనస్సులోని పటమును వెదకుట గొప్ప మార్పు. నాకాలు, చావడులు, బజారులు ఈ ఐదంగములలో చక్కగా ఇముడును.

అయినను ఈ పద్ధతికి హద్దులు కలవు. బోస్టన్‌లో 30 మంది, తక్కిన రెండు నగరములలో 15 మంది చొప్పున మాత్రమే ఆయన ప్రశ్నించెను. వారిలో అధికులు ఉద్యోగవృత్తులలోని మధ్యతరగతివారని లించ్ తానే అంగీకరించెను. అంతకంటె ముఖ్యమైనది భాషను గూర్చిన మౌనము. ఒక ప్రాంతమునకు ఒక పేరుండుననియు, దాని అంచులను గూర్చియే భేదాభిప్రాయములుండుననియు ఆ పద్ధతి తలచును. దెగ్లూరు వంటి తావున ఒకే నివాసి ఇంటిలో ఒక పేరును, కచ్చేరిలో మరొక పేరును వాడవచ్చును. అతనిచే ఒకే పటము గీయించినచో ఆ రెండింటిలో ఒకటి తప్పక మరుగుపడును.

పేరు పెట్టినవారెవరు?

నివాసులు వాడెడి పేరనగానే అది నివాసులు పెట్టుకొన్న పేరని తలచుట మరొక ప్రమాదము. మహారాష్ట్రములోని తెలుగువారి వాడలే ఇందుకు తార్కాణములు. బొంబాయిలోని కామాఠీపురా ఆ నగరమునకు వచ్చిన తెలుగు కూలీలనుబట్టి వచ్చిన పేరు. 'కామాఠీ' అనునది ఇతరులు వారినిగూర్చి వాడిన మాట. సోలాపురములో పద్మశాలి నేతపనివారు అధికముగా నున్న భాగమును 'పూర్వభాగ్' అందురు. అక్షరార్థమున అది తూర్పుదిక్కు మాత్రమే. వ్యవహారములో తెలుగువారి వాడ. ఎవరికి తూర్పు అని ప్రశ్నించినచో, పేరు పెట్టినవారు ఎచ్చట నిలిచిరో తెలియును. భివండిలో పద్మశాలీలు అధికముగానున్న పద్మానగరమునకు మాత్రము ఆ కులమువారి సొంత సంప్రదాయము పేరైనది. మూడు చోట్లను తెలుగు శ్రమజీవులే. ఒకచోట ఇతరులు పిలిచిన పేరు, రెండవచోట దిక్కు పేరు, మూడవచోట స్వాభిమానసూచకమైన పేరు.

కులనామములు గల వాడల విషయమున ఈ భేదము న్యాయాన్యాయముల ప్రశ్నగా మారును. 2020 డిసెంబరులో మహారాష్ట్ర మంత్రివర్గము కులములపేర నున్న వసతుల పేర్లను తొలగించి, సమతానగర్, భీమ్‌నగర్, క్రాంతినగర్ వంటి పేర్లు పెట్టవలెనని నిర్ణయించినది. ప్రాచీననామములు నశించునని స్థలనామ పరిశోధకుడు చింతింపవచ్చును. కాని 'మహార్‌వాడా' అను పేరు పలుకువారి నోట ఒక దూరమును, వినువారి మనస్సున ఒక గాయమును ఉంచినదని మరువరాదు. అది పురాతనమని చెప్పినంతమాత్రమున అచ్చటివారి సమ్మతి గల పేరని చెప్పినట్లు కాదు. పరిశోధకుడు పాతపేరును గ్రంథమున భద్రపరచవచ్చును. దానినే నివాసులపై నిలుపవలెనని కోరరాదు.

ఒకే నగరమునకు వేర్వేరు సమాజములు వేర్వేరు పేర్లు గౌరవముతో నిలుపుకొనుటయు కలదు. 1708లో గురుగోవింద సింహుడు దేహము చాలించిన నాందేడు సిక్కులకు హజూర్ సాహిబ్. అబ్చల్‌నగర్ అనియు వారు పిలుతురు. ఈ పేర్లు నాందేడు అను పేరును త్రోసిపుచ్చవు. నాందేడు అను పేరు వీనిని కాదనదు.

సీమల పేర్లు

సీమల పేర్లకు వచ్చినచో పరుల చూపు మరింత ప్రబలము. నిజాము రాజ్యమును మరాఠీవారు 'మొగలాయి' అనిరి. కోస్తా తెలుగువారు 'నైజాం' అనిరి. రాజ్యము పోయి ముప్పావు శతాబ్దము గడచినను తెలుగు చలనచిత్ర వ్యాపారము తెలంగాణమును నైజాం అనియే లెక్కించును, రాయలసీమను సీడెడ్ అనును. 1800లో నిజాము ఇంగ్లీషువారికి ఒప్పగించిన జిల్లాలకు వచ్చిన ఆ 'దత్తమండలము' అను పేరును అచ్చటివారు అవమానముగా భావించిరి. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచించిన 'రాయలసీమ' అను పేరు ప్రజల నోట నిలిచినది. సీమవారే తమ సీమకు పేరు పెట్టుకొన్న ఘట్టమది.

దెగ్లూరునకు అట్టి యవకాశము రాలేదు. ఆ తాలూకాలోని తెలుగువారిని మరాఠీవారు 'తెలంగీ' అందురు. తెలంగాణములోని మరాఠీవారిని తెలుగువారు 'ఆరె'వారందురు. ఎల్లకు ఇరువైపులను ఉన్నవారు ఆవలి భాషవారికి పేరు పెట్టిరి. ఈ కలగలుపు నేలమీద గీత గీయవలసి వచ్చినప్పుడు ఏ కొలతను గైకొనిరో గమనింపదగును. 1953 డిసెంబరులో నియమింపబడి 1955 సెప్టెంబరులో నివేదిక సమర్పించిన రాష్ట్రముల పునర్వ్యవస్థా సంఘము సాధారణముగా జిల్లాను ప్రమాణముగా తీసికొన్నది. 1956 చట్టము దానికంటె క్రిందికి దిగి, దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను వేరుచేసి ఆంధ్రప్రదేశమునకు ఇచ్చినది; తక్కిన తాలూకాను బొంబాయి రాష్ట్రమున నిలిపినది. ముధోలు తాలూకాలో ముధోలు, భైంసా, కుబీరు సర్కిళ్లకును ఇట్లే జరిగినది.

సర్కిలు అనునది రెవెన్యూ లెక్కలకై ఏర్పడిన భాగము. తన నివాసము చెప్పవలసి వచ్చినప్పుడు ఊరి పేరు, తాలూకా పేరు చెప్పువాడేగాని సర్కిలు పేరు చెప్పువాడు అరుదు. నివాసుల వ్యవహారములో పేరుగా నిలువని భాగమే వారు ఏ రాష్ట్రమువారో నిర్ణయించినది. పాలనకు ఏదో యొక కొలత తప్పదు. ఆ కొలతను తప్పుపట్టుట సులభము, దానికంటె మేలైనది చూపుట కష్టము. విమర్శింపదగినది వేరొకటి. గీత గీసిన పిమ్మట, ఈవలనున్నవారందరును మరాఠీవారనియు, ఆవలనున్నవారందరును తెలుగువారనియు ఉభయపక్షముల పండితులును వ్రాయసాగిరి. బిచ్కుందలోని మరాఠీయు, దెగ్లూరులోని తెలుగును తమతమ భాషాచరిత్రలలో చోటు లేనివై మిగిలినవి.

ఆ సీమనామమునకు అర్థము మారుటయు ఇటీవలి కాలములో కానవచ్చినది. 2019 సెప్టెంబరులో నాయగావ్, భోకర్, దేగ్లూర్, కిన్వట్, హద్‌గావ్ శాసనసభా నియోజకవర్గములకు చెందిన కొందరు నాయకులు హైదరాబాదులో తెలంగాణ ముఖ్యమంత్రిని కలిసి, తమ ప్రాంతములను తెలంగాణములో చేర్చవలెనని కోరిరి. ఆ కోరికకు మూలము రైతులకు అచ్చట లభించుచుండిన ప్రభుత్వసహాయమే. 1956లో తెలంగాణము అను పేరు భాషను సూచింపగా, 2019లో ఆ కోరిక కోరినవారి నోట అది ఒక పాలనావిధానమును సూచించినది. ధాతువును మాత్రమే వెదకు పద్ధతికి ఈ మార్పు చిక్కదు.

చేయదగిన పని

పై విషయములను బట్టి స్థలనామ సేకరణలో ప్రతి పేరునకును నాలుగు వివరములు తప్పక చేర్చవలెను: ఆ పేరును పలికినవారి భాష, వారు నిలిచిన తావు, ఎవరితో పలికిరన్నది, ఆ తావున నివసించువారు ఆ పేరును అంగీకరింతురా యన్నది. ఈ నాలుగును లేని పట్టిక నిఘంటువునకు పనికివచ్చునేమోగాని ఊరి చరిత్రకు పనికిరాదు.

దెగ్లూరు విషయమున ఈ పని ఆలస్యమునకు ఓర్చునది కాదు. మరాఠీలో వ్రాయబడిన పేరు వీధిపలక మీదికిని పన్ను రసీదు మీదికిని ఎక్కును. ఇంటిలో తెలుగున పలికిన పేరు నోటనే యుండి, పలికిన పెద్దలతోనే పోవును. పిల్లలు బడిలో నేర్చిన పేరునే ఇంటికి తెత్తురు. అది సహజము, తప్పుపట్టదగినది కాదు. కాని అవ్వ ఏ బావిని, ఏ చావడిని, ఏ బాటను ఏమని పిలిచెనో వ్రాసియుంచుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. తెలుగు సంఘములు ప్రతి పొలిమేర పట్టణమునను ఇట్టి పేర్లను, వానితోపాటు మరాఠీ, ఉర్దూ, కన్నడ నామములను సమానశ్రద్ధతో సేకరింపవలెను. ఆ సేకరణ నేలపై హక్కును చాటుటకు ఆయుధము కారాదు. అట్లైనచో పొరుగువారు నోరు విప్పరు, సగము పేర్లు దొరకవు. అది సక్రమముగా జరిగినచో, పటములలో తెలుగుదేశమునకు వెలుపల నున్న దెగ్లూరు తెలుగువారు తమ ఊరిని తమ మాటలతో ఎట్లు తెలిసికొనిరో తరువాతి తరములకు తెలియును.